డాన్యూబ్ ఒడ్డున బృందంగా సైకిల్ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీలోని పస్సావ్ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా డాన్యూబ్ నది వెంట ఒక సైకిల్ దారి ఉంది. పది మంది స్నేహితులో, రెండు మూడు కుటుంబాలో కలిసి ఆ దారిన వెళ్లాలనుకుంటే ముందే తేల్చుకోవలసిన విషయాలు ఇక్కడ ఉన్నాయి. అందరూ మొదట అడిగేది రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కాలనే. మాటా మాటా పెరిగేది మాత్రం వేరే మూడు చోట్ల: వంట ఎవరిది, పెట్టె బరువు ఎవరిది, లెక్క ఎవరిది. అందుకని ఆ మూడింటికీ జవాబులు పొడుగ్గా ఉంటాయి.

దారి, కాలం, ప్రయాణం

మొదటిసారి వెళ్లేవారికి ఈ దారే ఎందుకు?

దాదాపు 320 కి.మీ. పొడవునా ఏటవాలు కిందికే. పస్సావ్ సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంటుంది, వియన్నా 160 మీటర్ల దగ్గర. నది ఎటు పారుతుందో మీరూ అటే వెళతారు. గాలి కూడా ఎక్కువ రోజులు పడమటి నుంచే వీస్తుంది కాబట్టి వీపును తోస్తుంది. ఎదురుగాలి వచ్చే రోజులూ ఉంటాయి, అది వేరే సంగతి. దారిలో చాలా భాగం కార్లకు ప్రవేశం లేని తారు బాట. అట్లాంటిక్ తీరం నుంచి నల్ల సముద్రం దాకా సాగే యూరోవెలో 6 అనే పెద్ద మార్గంలో ఇదొక ముక్క. సూచికలు ఎక్కడికక్కడ ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, పది, పదిహేను కిలోమీటర్లకు ఒక ఊరు తగులుతుంది, చాలా చోట్ల రైలు స్టేషనూ ఉంటుంది. అలిసిపోయిన మనిషిని రైలెక్కించి ముందుకు పంపే వీలున్న దారి బృందానికి పెద్ద వరం.

ఎన్ని రోజులు పడుతుంది?

తొక్కడానికి ఏడు రోజులు పెట్టుకోండి. పస్సావ్ నుంచి ష్లోగెన్, అక్కడి నుంచి లింజ్, గ్రైన్, మెల్క్, క్రెమ్స్, టుల్న్, చివరికి వియన్నా. ఒక్కో రోజు 35 నుంచి 60 కి.మీ. మధ్య వస్తుంది. దీన్ని నాలుగు రోజుల్లో ముగించేవారు ఉన్నారు. వాళ్లు బృందంగా వెళ్లరు, వెళ్లినా బృందంగా తిరిగి రారు. ఏడు రోజులకు తోడు పస్సావ్‌లో ఒక రాత్రి, వియన్నాలో రెండు రాత్రులు కలిపితే ప్రయాణం హడావుడి లేకుండా సాగుతుంది.

ఎంతమంది ఉంటే బాగుంటుంది?

ఆరు నుంచి పది. పన్నెండు దాటితే చిన్న ఊళ్ల బసల్లో గదులు ఒకేచోట దొరకవు, హోటల్లో ఒకే బల్ల దొరకదు, ఒకరి చక్రం పంక్చరైతే పదకొండుమంది నిలబడి చూస్తారు. ఇంకా ఎక్కువమంది వస్తామంటే రెండు జట్లు చేసి ఒకరోజు తేడాతో పంపండి.

సైకిల్ తొక్కి ఏళ్లయింది. రావచ్చా?

రావచ్చు, కానీ రెండు నెలల ముందు నుంచి తొక్కాలి. కాళ్ల సంగతి ఎలా ఉన్నా, వరుసగా మూడో రోజు సీటు మీద కూర్చోగలగడమే అసలు పరీక్ష. వారాంతంలో శని, ఆది రెండు రోజులూ వరుసగా 40 కి.మీ. తొక్కి చూడండి. హైదరాబాద్‌లో ఉండేవారికి అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన సౌర పైకప్పు సైకిల్ ట్రాక్ ఇందుకు చక్కగా సరిపోతుంది. పెద్ద వయసువారికి, మోకాళ్ల నొప్పులున్నవారికి బ్యాటరీ సైకిల్ అద్దెకు తీసుకోండి. ఐరోపా నియమాల ప్రకారం ఆ మోటారు మీరు తొక్కుతున్నప్పుడే సాయం చేస్తుంది, గంటకు 25 కి.మీ. వేగం దాటగానే ఆగిపోతుంది. అద్దె మామూలు సైకిల్‌కు దాదాపు రెట్టింపు ఉంటుంది. బ్యాటరీ సైకిల్ ఎక్కినవారిని ఎగతాళి చేయకూడదని ముందే షరతు పెట్టుకోండి, సాయంత్రం వంటింట్లో నిలబడే ఓపిక మిగిలేది వాళ్లకే.

ఏ నెలలో వెళ్లాలి?

మే నుంచి సెప్టెంబరు దాకా. నా ఓటు సెప్టెంబరు మొదటి రెండు వారాలకు: ఎండ తగ్గుతుంది, ద్రాక్ష పండుతుంది, గదులు కాస్త సులువుగా దొరుకుతాయి. జూలై, ఆగస్టుల్లో ఐరోపా మొత్తం సెలవుల్లో ఉంటుంది కాబట్టి పది మందికి గదులు కావాలంటే ఆరు నెలల ముందే మేలుకోవాలి. మెల్క్, క్రెమ్స్ ఊళ్ల మధ్యనున్న వాఖావ్ లోయ ఆప్రికాట్ పళ్లకు పేరుమోసింది. అవి తినాలనుకుంటే జూలై మధ్యలో వెళ్లాలి. వేసవి సెలవుల్లో పిల్లలతో వెళ్లేవారికి మే నెల బాగుంటుంది, పొద్దున చలికోటు మాత్రం తప్పదు.

వీసా ఏ దేశానికి అడగాలి? అందరికీ కలిపి ఒకే దరఖాస్తు చేయవచ్చా?

షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి. దాని నియమం ప్రకారం ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. ఈ యాత్రలో పస్సావ్ ఒక్కటే జర్మనీలో ఉంది, మిగతా రాత్రులన్నీ ఆస్ట్రియావి. అందుకే ఆస్ట్రియా వీసా తీసుకోండి. విమానం జర్మనీలోని మ్యూనిక్‌లో దిగినా ఆ వీసా చెల్లుతుంది.

దరఖాస్తు ఎవరిది వారిదే, వేలిముద్రలూ ఎవరివి వారివే. 2024 జూన్ నుంచి రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45. ప్రయాణానికి ఆరు నెలల కంటే ముందు దరఖాస్తు తీసుకోరు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. బీమా కొనేటప్పుడు సైకిల్ తొక్కుతూ పడితే వర్తిస్తుందా లేదా అని పత్రం చివరి పేజీ దాకా చదవండి. కొన్నిటిలో దాన్ని సాహస క్రీడల కింద పక్కన పెడతారు. గదుల బుకింగ్ పత్రంలో ఒక్కరి పేరే కాకుండా ఆ గదుల్లో ఉండే అందరి పేర్లూ రాయించండి. బృందాలకు వీసా దగ్గర ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పనితో తీరిపోతాయి.

మ్యూనిక్‌లో దిగాలా, వియన్నాలో దిగాలా?

రెండూ కుదురుతాయి. వియన్నా నుంచి పస్సావ్‌కు నేరుగా రైళ్లున్నాయి, మూడు గంటలలోపే చేరుస్తాయి. వియన్నాలో దిగితే ఒక లాభం ఉంది: పెద్ద పెట్టెలు, తిరుగు ప్రయాణం బట్టలు అక్కడి హోటల్లో ఉంచి తేలికగా రైలెక్కవచ్చు. మ్యూనిక్‌లో దిగితే, మ్యూనిక్, పస్సావ్ రెండూ ఉన్న బవేరియా రాష్ట్రపు టికెట్ తీసుకోండి. ఐదుగురి దాకా ఒకే టికెట్ మీద ప్రాంతీయ రైళ్లలో ప్రయాణించవచ్చు, పని రోజుల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది. వేగంగా వెళ్లే ఐసీఈ రైళ్లలో అది పనికిరాదు, ఎక్కితే జరిమానా.

సైకిళ్లు ఇంటి నుంచి తీసుకెళ్లాలా?

వద్దు. పెట్టెలో సర్దడం, విమాన రుసుము, పస్సావ్ దాకా మోయడం, మళ్లీ వియన్నాలో ఖాళీ అట్టపెట్టె కోసం వెతకడం, ఇదంతా పది మందికి పది రెట్లు. బ్యాటరీ సైకిల్ సంగతైతే అసలే కుదరదు: ప్రయాణికుల విమానాల్లో 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ఒప్పుకోరు, ఈ సైకిళ్లవి సాధారణంగా 400 పైనే ఉంటాయి. పస్సావ్‌లో తీసుకుని వియన్నాలో అప్పగించే ఏర్పాటుతో అద్దెకిచ్చే సంస్థలు ఉన్నాయి. సీటు మీద పట్టింపు ఉన్నవారు మీ సీటును, మెత్తటి నిక్కరును మాత్రం వెంట తెచ్చుకోండి. బుక్ చేసేటప్పుడు ప్రతి ఒక్కరి ఎత్తు సెంటీమీటర్లలో పంపాలి. రెండు అంగుళాలు కలిపి చెప్పుకునే అలవాటును ఈ ఒక్కసారి మానుకోండి.

సామాను

సామాను ఎవరు మోస్తారు?

మూడు పద్ధతులున్నాయి.

మొదటిది, ఎవరి సామాను వారి సైకిల్ మీదే, వెనక చక్రానికి రెండువైపులా వేలాడే సంచుల్లో. ఖర్చు లేదు. కానీ ఉమ్మడి వంట చేసుకునే బృందానికి ఇది పనికిరాదు, బియ్యం, గిన్నెలు ఎవరి సంచిలోకి వెళ్లాలన్న తగువు రెండో రోజే మొదలవుతుంది.

రెండోది, సామాను చేరవేసే సంస్థ. పొద్దున తొమ్మిదిలోపు పెట్టెలు బస చేసిన చోట గుమ్మం దగ్గర పెడితే, సాయంత్రానికి తర్వాతి బసకు చేరుస్తారు. సాధారణంగా మనిషికి ఒక పెట్టె, 20 కిలోల లోపు. చాలామందికి ఇదే మంచి దారి. ఇందులో ఉన్న చిన్న చిక్కు ఏమిటంటే మీరు మధ్యాహ్నం రెండింటికే చేరితే పెట్టె ఇంకా రాకపోవచ్చు. కాబట్టి ఒక జత పొడి బట్టలు, మందులు, పాస్‌పోర్టు, ఫోను ఛార్జర్ ఎప్పుడూ మీతోనే ఉండాలి. ఇంకొకటి, బస మారితే ఆ సమాచారం సంస్థకు ముందే వెళ్లాలి. పెట్టెలు మీరు రద్దు చేసిన ఊళ్లో దిగిపోతే వాటి వెంట తిరగడం మీ పని అవుతుంది.

మూడోది, సొంత వ్యాను. కింది ప్రశ్న చూడండి.

మేమే ఒక వ్యాను అద్దెకు తీసుకుంటే చవక కాదా?

పది మంది ఉంటే లెక్కకు చవకే కావచ్చు. కానీ ఒకరు ప్రతిరోజూ తొక్కడం మానేసి నడపాలి. వంతులవారీగా నడుపుదామంటే నడపగలిగిన ప్రతివారి పేరూ అద్దె ఒప్పందంలో ఉండాలి, ప్రతివారి దగ్గరా మన ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ అనుమతి పత్రం ఉండాలి. కారు లైసెన్సుతో అక్కడ డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్ల బండి వరకే నడపవచ్చు. ఆస్ట్రియా మోటారు రహదారుల మీదికి వెళితే విన్యెట్ అనే టోలు చీటీ ముందే కొనాలి. నది పక్కన మామూలు రోడ్లకు అది అక్కర్లేదు.

ఇంత చెప్పినా, అమ్మానాన్నలో చిన్న పిల్లలో వెంట ఉంటే నేను వ్యానుకే మొగ్గుతాను. వంటసామాను అంతా అందులో వెళుతుంది, వానలో అలిసినవారు ఎక్కుతారు, వ్యాను నడిపేవారు ముందే ఊరు చేరి కూరగాయలు కొని పెడతారు. నడిపేవారికి ఆ రోజు వంటా, గిన్నెలు తోమడమూ మినహాయింపు. ఈ ఒక్క రాయితీ ఇస్తే డ్రైవరు వంతుకు పోటీ పడతారు.

మనిషికి ఎంత సామాను చాలు?

12 కిలోలు. సంస్థ 20 ఒప్పుకుంటుంది కదా అని నింపకండి. పాత ఇళ్లలో నడిపే చిన్న బసల్లో లిఫ్టు ఉండదు, మూడో అంతస్తుకు మీరే ఎక్కించాలి. తొక్కడానికి రెండు మూడు జతలు, సాయంత్రానికి రెండు జతలు, వానకోటు, ఒక స్వెటర్. మిగిలిన బరువును ఉమ్మడి పెట్టెకు వదలండి.

ఉమ్మడి పెట్టె అంటే?

ఎవరి పేరూ లేని ఒక పెట్టె. అందులో పోపుల డబ్బా, పచ్చళ్లు, చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, ప్రథమ చికిత్స మందులు, పంక్చర్ అతుకులు, రెండు అదనపు ట్యూబులు, గాలిపంపు, బట్టలు ఆరేసే తాడు, ప్లగ్గు అడాప్టర్లు. విద్యుత్తు అక్కడా 230 వోల్టులే కాబట్టి మన కుక్కర్ పనిచేస్తుంది, మన మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం అక్కడి గోడలో దూరదు. ఈ పెట్టెకు ఒక బాధ్యుడు ఉండాలి. పొద్దున అది ఎక్కిందో లేదో చూడటం ఆయన పని.

భోజనాలు

రోజూ వండుకోవాలా, బయట తినాలా?

రోజూ వండుకుంటామని బయలుదేరిన బృందం మూడో రోజుకు వంట మానేస్తుంది. రోజూ బయటే తింటామన్నవాళ్లు నాలుగో రోజుకు పెరుగన్నం కోసం అలమటిస్తారు. అందుకని కలిపి పెట్టుకోండి: ఏడింటిలో మూడు రాత్రులు వంటగది ఉన్న ఇంట్లో బస, నాలుగు రాత్రులు పొద్దుటి ఫలహారంతో కూడిన బస. వంటగది ఇళ్లు లింజ్, క్రెమ్స్, వియన్నా లాంటి పెద్ద ఊళ్లలో సులువుగా దొరుకుతాయి. ష్లోగెన్‌లో ఆశ పెట్టుకోవద్దు, అక్కడ నది వంపు తప్ప పెద్దగా ఏమీ లేదు. ఆ వంపు ఒక్కటే ఆ రోజుకు చాలు.

మధ్యాహ్నం నది ఒడ్డున బల్లల దగ్గర చల్లటి భోజనం: రొట్టె, జున్ను, టమాటాలు, కీరదోస, పైన మన కారప్పొడి. అక్కడి రై అనే ధాన్యపు రొట్టె మీద కందిపొడి, నెయ్యి రాసుకుని తిన్నవారు మళ్లీ జామ్ జోలికి వెళ్లరు. బసలో పెట్టే ఫలహారం బల్ల మీది నుంచి మధ్యాహ్నానికి మూట కట్టుకోవడం అక్కడ మర్యాద కాదు. అడిగితే కొద్ది డబ్బుకు వారే కట్టి ఇస్తారు.

ఇంటి నుంచి ఏమేమి తీసుకెళ్లవచ్చు?

ఐరోపా సమాఖ్య బయటి దేశాల నుంచి వచ్చేవారు మాంసం, పాల ఉత్పత్తులు తీసుకురాకూడదు. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, కోవా, పాలతో చేసిన మిఠాయిలు ఇంట్లోనే ఉండాలి. పట్టుకుంటే తీసి పారేస్తారు, జరిమానా కూడా వేయవచ్చు. తాజా కూరగాయలు, పళ్లు, ఆకులకు ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కాబట్టి పచ్చి కరివేపాకూ వద్దు. ఆవకాయ, గోంగూర, చింతకాయ లాంటి పచ్చళ్లకు, పొడులకు ఇబ్బంది లేదు. సీసాల కంటే బిగుతుగా సీలు వేసిన పొట్లాలు నయం, దాని చుట్టూ మరో రెండు సంచులు చుట్టండి. విమానంలో నూనె కారితే పచ్చడి పోయిందన్న బాధ కంటే బట్టల వాసన ఎక్కువ రోజులు ఉంటుంది.

నెయ్యి కోసం దిగులు పడకండి. అక్కడి దుకాణాల్లో బుట్టర్‌ష్మాల్ట్స్ అని అమ్ముతారు, అది కరిగించి వడకట్టిన వెన్నే.

పది మందికి అక్కడి సరుకులతో ఏమి వండాలి?

టమాటా పప్పు, అన్నం, వేపుడు, పెరుగు. అంతకు మించి ప్రయోగాలు వద్దు. సూపర్ మార్కెట్లలో కందిపప్పు దొరకదు కానీ మసూర్ పప్పు దొరుకుతుంది. అది ప్రెషర్ కుక్కర్ లేకుండానే ఇరవై నిమిషాల్లో మెత్తబడుతుంది. బాస్మతి ఎక్కడైనా ఉంటుంది. తలకు 100 నుంచి 125 గ్రాముల బియ్యం లెక్క వేసుకోండి, తొక్కి వచ్చినవారు ఇంట్లో తినేదానికంటే ఎక్కువ తింటారు. పెరుగు కొనేటప్పుడు డబ్బా మీద పళ్ల బొమ్మ లేనిది చూసి తీసుకోండి. చింతపండు వెంట తెచ్చుకోండి. హోఫర్, బిల్లా, స్పార్ దుకాణాలు దారి పొడవునా కనిపిస్తాయి.

రెండు హెచ్చరికలు. చాలా ఇళ్లలో ఇండక్షన్ పొయ్యి ఉంటుంది, దాని మీద అల్యూమినియం గిన్నె వేడెక్కదు. రెండోది, పోపు. ఎండుమిర్చి మాడిన పొగకు పైకప్పు అలారం మోగుతుంది, పెద్ద భవనాల్లో అది నేరుగా అగ్నిమాపక కేంద్రానికి వెళ్లవచ్చు, ఆ బిల్లు మీకే వస్తుంది. కిటికీ తెరిచి, సన్న మంట మీద, చిన్న గిన్నెలో వేయండి.

ఆదివారం దుకాణాలు మూసేస్తారంటారు, నిజమేనా?

నిజమే. ఆస్ట్రియాలో ఆదివారాలు, పండుగ రోజుల్లో సూపర్ మార్కెట్లు తెరవరు. పెద్ద రైలు స్టేషన్లలో కొన్ని, పెట్రోలు బంకుల్లో కొన్ని తప్ప ఏమీ దొరకదు. శనివారం కూడా సాయంత్రం ఆరుకే మూసేస్తారు. అందుకే శనివారం రాత్రి బస ఏ ఊళ్లోనన్నది యాత్ర మొదలుపెట్టే రోజును బట్టి ముందే చూసుకోండి. అది పెద్ద ఊరై ఉండాలి, మీరు నాలుగింటికి అక్కడికి చేరి ఉండాలి. ఆగస్టు 15 మనకు లాగే వారికీ సెలవే, కారణం వేరైనా.

శాకాహారులు హోటళ్లలో ఏమి తినాలి?

ఇది జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే అక్కడ మోసం చేసేది కంటికి కనిపించే మాంసం కాదు. కూరగాయల సూప్ అని రాసి ఉన్నా అది చాలాసార్లు గొడ్డు మాంసపు రసంతో మొదలవుతుంది. సన్నగా కోసిన దోసె ముక్కలు వేసిన సూప్ ఒకటుంది, ఫ్రిట్టాటెన్ అంటారు, చూడటానికి మనదే అనిపిస్తుంది, అదీ ఆ రసమే. వియన్నా పద్ధతి బంగాళాదుంప సలాడ్‌లోనూ అదే కలుపుతారు. గులాష్ అనే కూర సాధారణంగా గొడ్డు మాంసం. గొడ్డు మాంసం తినని మాంసాహారులూ ఇవి గుర్తుంచుకోవాలి.

ధైర్యంగా అడగదగినవి: జున్ను కలిపిన ష్పెట్సెల్ (గుడ్డు, పిండితో చేసే చిన్న నూడుల్స్), కాల్చిన జున్ను, పుట్టగొడుగుల వంటకాలు, ఆప్రికాట్ ఉండలు, కైజర్‌ష్మారెన్. చివరిది తీపి అట్టు ముక్కలు, ఒక పళ్లెం ఒక మనిషికి భోజనమే. గుడ్డు కూడా తినని వారికి ఈ జాబితా ఇంకా చిన్నదవుతుంది. వారి కోసం ప్రతి రాత్రి బసకు ముందే రాసి పంపండి. అక్కడి చిన్న హోటళ్లలో వంటగది రాత్రి ఎనిమిదిన్నరకల్లా మూసేస్తారు. తొమ్మిదింటికి పది మంది లోపలికి వెళ్లి కూర్చుంటే దొరికేది బీరొక్కటే.

వంట వంతులు ఎలా పంచాలి?

ఇద్దరిద్దరి జట్లు. వండిన జట్టు గిన్నెలు తోమదు. భార్యాభర్తలను ఒకే జట్టులో వేయకండి, ఇంటి పద్ధతే అక్కడా మొదలై ఆడవాళ్లు వంటింట్లో, మగవాళ్లు బాల్కనీలో తేలతారు. వంట రానివారికి సరుకులు తేవడం, ఉల్లిపాయలు కోయడం ఉండనే ఉన్నాయి. పట్టిక ఇండియాలో ఉన్నప్పుడే రాసి అందరికీ పంపండి.

డబ్బు

లెక్క ఎలా చూసుకోవాలి?

ఉమ్మడి సంచి ఒకటి పెట్టండి. మొదటి రోజే మనిషికి సమానంగా కొంత వేయండి, తగ్గగానే మళ్లీ అందరూ సమానంగా వేయండి. సరుకులు, కలిసి తిన్న భోజనాలు, పడవ రుసుములు, వ్యాను పెట్రోలు అందులోంచే. మద్యం, కొనుగోళ్లు, మ్యూజియం టికెట్లు ఎవరివి వారివే. మద్యాన్ని విడిగా ఉంచడం తప్పనిసరి. వాఖావ్ లోయలో ద్రాక్షతోటల మధ్య గ్లాసుల లెక్క ఎవరికీ గుర్తుండదు, తాగనివారు ఎనిమిదో రోజు దాకా నోరు విప్పరు, తర్వాత ఏడాది దాకా మూయరు.

ఫారెక్స్ కార్డు చాలు కానీ నోట్లు, చిల్లర కూడా ఉంచుకోండి; నది దాటించే పడవల్లో, పల్లెల్లోని చిన్న బసల్లో నగదే అడగవచ్చు. కుళాయి నీళ్లు తాగవచ్చు, నీళ్ల సీసాలు కొనడం వృథా. కొన్నా ఖాళీ సీసా పారేయకండి: 2025 జనవరి నుంచి ప్లాస్టిక్ సీసాకు, డబ్బాకు 25 సెంట్ల డిపాజిట్ ఉంది, దుకాణంలోని యంత్రంలో వేస్తే తిరిగి వస్తుంది. పిల్లలకు ఆ పని అప్పగించండి.

ఇండియాలోని సంస్థ దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అనే పన్ను ముందే వసూలు చేస్తారు. అది చెల్లించినవారి పాన్ మీద జమ అవుతుంది, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది. పది మంది డబ్బు ఒక్కరే కడితే ఆ జమ కూడా ఆ ఒక్కరికే వెళుతుంది కాబట్టి ఎవరిది వారు కట్టడమే మంచిది.

చివరి నిమిషంలో ఒకరు రాలేకపోతే?

వారి వాటా గదికి డబ్బు వారిదే. కఠినంగా అనిపించినా ఇది ముందే రాసుకోవాలి. వీసా రాకపోవడం ఒక్కదానికి మినహాయింపు ఇవ్వండి. అందుకే వీసాలు చేతికొచ్చే దాకా రద్దు చేసుకునే వీలున్న గదులే తీసుకోండి.

గదులు ఎలా పంచుకోవాలి?

గురక పెట్టేవారంతా ఒక గదిలో. ఎవరు పెడతారన్నది వారిని కాకుండా వారి ఇంట్లోవాళ్లను అడగండి.

దారిలో

అందరం కలిసే తొక్కాలా?

అక్కర్లేదు. పది మంది ఒకే వేగంతో వెళ్లడం జరగని పని, బలవంతం చేస్తే వేగంగా వెళ్లేవారికి విసుగు, నెమ్మదిగా వెళ్లేవారికి చిన్నతనం. ఎవరి వేగం వారిది, కానీ దారి చీలిన ప్రతిచోటా ముందువారు ఆగాలి. అందరికంటే వెనక ఒకరు, వంతులవారీగా, గాలిపంపు, పనిముట్లతో ఉండాలి. ఆయన్ను దాటి ఎవరూ వెనకబడకూడదు. కలుసుకునే చోటు ప్రతి రోజూ రెండు: మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ చోటు వంతెనో పడవ రేవో అయితే ఎవరూ తప్పిపోరు.

నదికి రెండు వైపులా బాట ఉన్న చోట్ల ముందే ఏ ఒడ్డో తేల్చుకోండి. మెల్క్ వంతెన దాటాక క్రెమ్స్ దగ్గర మౌటర్న్ వంతెన దాకా, ముప్ఫై కిలోమీటర్లకు పైగా, మధ్యలో వంతెన లేదు. అటొకరు ఇటొకరు ఉండిపోతే పడవలే దిక్కు. ష్పిట్స్ దగ్గరి పడవ చూడదగినది: ఇంజను లేదు, పైన కట్టిన తీగను పట్టుకుని ప్రవాహపు తోపుతోనే అవతలికి చేరుతుంది.

అక్కడి ట్రాఫిక్ నియమాల్లో ముఖ్యమైనవి?

కుడివైపు తొక్కాలి. ఖాళీ రోడ్డు మీద పొద్దున్నే, నిద్రమత్తులో, మన చేతులు ఎడమకే తిరుగుతాయి. మొదటి రెండు రోజులు ముందున్నవారు మలుపు దగ్గర "కుడి" అని అరవడం మంచిది. ఫోను చేతిలో పట్టుకుని తొక్కకూడదు. 12 ఏళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి, పెద్దలకు చట్టం చెప్పకపోయినా మీ బృందంలో అందరికీ తప్పనిసరి చేయండి. సైకిల్‌దారుకూ మద్యం పరిమితి ఉంది, రక్తంలో లీటరుకు 0.8 గ్రాములు. మధ్యాహ్నం ద్రాక్షతోట దగ్గర ఆగేవారు దీన్ని చదవనట్టు నటించకూడదు.

వాన వస్తే? వరద వస్తే?

వానలో తొక్కవచ్చు, లేదా రైలెక్కవచ్చు. వరద వేరు. పస్సావ్‌లో డాన్యూబ్, ఇన్, ఇల్జ్ నదులు కలుస్తాయి, నిజమైన త్రివేణి సంగమం. అక్కడి టౌన్‌హాల్ గోడ మీద పాత వరదల గీతలుంటాయి. 2013 జూన్‌లో నీరు 12.89 మీటర్లకు చేరింది. 2024 సెప్టెంబరులో వియన్నా చుట్టూ ఉన్న దిగువ ఆస్ట్రియా అనే రాష్ట్రం మునిగింది. బాట నీటి అంచునే ఉంటుంది కాబట్టి నది పొంగితే మొదట మూసేది దాన్నే. అడ్డుగా కట్టిన పట్టీ కింద దూరి వెళ్లవద్దు. ఆ రోజుకు రైలు, బస ముందే ఉంది కనుక నష్టం పెద్దగా ఉండదు.

ఎవరికైనా దెబ్బ తగిలితే?

ఐరోపా అంతటా 112. ఆస్ట్రియాలో అంబులెన్సుకు నేరుగా 144. ప్రతివారి జేబులో రక్తవర్గం, అలర్జీలు, బీమా సంఖ్య, ఇంటివారి ఫోను నంబరు రాసిన చీటీ ఉండాలి. బీమా సంస్థకు అదే రోజు తెలియజేయండి, ఆలస్యమైతే డబ్బు రావడం కష్టమవుతుంది.

మధ్యలో ఆగి చూడవలసినవి?

మెల్క్‌లో కొండ మీది బెనెడిక్టిన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం. డుర్న్‌ష్టైన్‌లో ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను 1192లో బంధించిన కోట శిథిలాలు, ఎక్కడానికి సైకిల్ బూట్లు పనికిరావు. 1908లో విల్లెండార్ఫ్ ఊళ్లో బయటపడ్డ రాతియుగపు స్త్రీ బొమ్మ దొరికిన చోటూ దారిలోనే ఉంది. అసలు బొమ్మ వియన్నా మ్యూజియంలో ఉంది, పదకొండు సెంటీమీటర్లే.

లింజ్ దాటాక మౌట్‌హౌసెన్ వస్తుంది. నాజీలు 1938 నుంచి 1945 దాకా నడిపిన నిర్బంధ శిబిరం అక్కడ ఉండేది. సుమారు 1,90,000 మందిని అక్కడికి, దాని ఉప శిబిరాలకు తెచ్చారు, కనీసం 90,000 మంది చనిపోయారు. స్మారకం నది నుంచి దూరంగా, నిటారు ఎక్కుడు మీద ఉంది. వెళితే సగం రోజు కేటాయించండి, ఆ సాయంత్రం బయట భోజనం పెట్టుకోండి. అక్కడి నుంచి వచ్చి ఎవరికీ వంట చేయాలనిపించదు. చిన్న పిల్లలను తీసుకెళ్లవద్దనే చెబుతాను, వారితో ఒకరిద్దరు కింద ఊళ్లో ఆగాలి.

బ్యాటరీ సైకిళ్లకు రాత్రి ఛార్జింగ్?

బసల్లో సైకిల్ గదిలోనే ప్లగ్గులుంటాయి, కానీ పది ఉండవు. ఛార్జర్లన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ప్రతిదానికీ పేరు చీటీ అంటించండి. తాళం చెవులకు కూడా.

వియన్నా చేరాక సైకిళ్లు ఎక్కడ ఇవ్వాలి?

చాలా సంస్థలు మీ చివరి హోటల్ నుంచే తీసుకెళతాయి. టుల్న్ నుంచి వచ్చే బాట క్లోస్టర్‌నోయ్‌బుర్గ్ మీదుగా నగరంలోకి దిగి డాన్యూబ్ కాలువ పక్కనే కేంద్రం దాకా తీసుకెళుతుంది, ట్రాఫిక్‌లో దూరనవసరం లేదు. అలిసిపోయి మెట్రో ఎక్కాలంటే రద్దీ వేళల్లో సైకిళ్లను ఎక్కనివ్వరు, ఆ వేళలు చూసుకోండి. అప్పగించే ముందు ప్రతి సైకిల్ ఫొటో నాలుగు వైపుల నుంచీ తీయండి, పస్సావ్‌లో తీసుకున్నప్పుడు తీసినవాటి పక్కన పెట్టుకోండి. సంచుల అడుగున ఉన్న కారప్పొడి పొట్లాలు బయటికి తీయడం మరచిపోవద్దు.